సిలిండర్ స్టడ్ లూజ్: నట్టు తిరుగుతూనే ఉంది, బిగియడం లేదు

దేవరకొండ_బత్తాయి
అన్నలకు నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. బండి నాన్నది, 100 సీసీ, నాలుగు స్ట్రోకులది, 2007లో కొన్నాడు. రోజూ బత్తాయి తోటకు, వారానికి రెండుసార్లు నల్లగొండకు దీని మీదే. పోయిన నెల హెడ్ గ్యాస్కెట్ దగ్గర ఆయిల్ చెమ్మ కనబడితే ఒక మెకానిక్‌కు చూపించాను. గ్యాస్కెట్ మార్చి ఇచ్చాడు. పది రోజులకే మళ్ళీ చెమ్మ. ఈసారి రెక్కల మధ్య దుమ్ము పట్టి నల్లగా పేస్టులా పేరుకుంది.

నిన్న నేనే పానా పట్టాను. హెడ్‌నూ బ్లాకునూ ఇంజను అడుగు డొప్పకు, అంటే చాంబర్‌కు, పట్టి ఉంచే నాలుగు స్టడ్ల (రెండు కొనలకూ మర ఉన్న కడ్డీలు) నట్లలో మూడు గట్టిగా ఉన్నాయి. ఎడమ వైపు కిందిది మాత్రం ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది. కొంచెం బిగిసినట్టు అనిపిస్తుంది, మళ్ళీ జారిపోతుంది. ఇంజను మొత్తం విప్పాలా? కొత్త చాంబర్ వేయాలంటే బండి ఖరీదులో సగం అవుతుందని ఒకరు అన్నారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. దారి చెప్పండి.

జడ్చర్ల_44
తమ్మీ, అంత ఆలోచన ఎందుకు? 10 మి.మీ. డ్రిల్లు పెట్టు, పెద్ద బోల్టు దించు, గంటలో అయిపోతుంది. మా దగ్గర లారీలకే ఇట్లా చేస్తారు.

లేత్_మిర్యాలగూడ
దేవరకొండ తమ్ముడూ, డ్రిల్లు ఇప్పుడే ముట్టుకోకు. జడ్చర్ల అన్న మాట మీద కోపం లేదు, కానీ లారీ ఇంజనుకు స్టడ్ చుట్టూ వేలెడు మందం లోహం ఉంటుంది. ఈ చిన్న చాంబర్లలో కొన్నిచోట్ల నాలుగైదు మి.మీ. కూడా ఉండదు. చేతి డ్రిల్లు ఒక్క డిగ్రీ వంకర పోయినా గోడ బయటికి వచ్చేస్తుంది.

ముందు ఒక్క సంగతి చూసి చెప్పు. నట్టు తిప్పేటప్పుడు స్టడ్ కొన కూడా తిరుగుతోందా, లేక స్టడ్ నిలబడి నట్టు ఒక్కటే తిరుగుతోందా? నట్టు ఒక్కటే తిరిగితే నట్టు మరో, స్టడ్ పైమరో పోయినట్టు. అది ఇరవై నిమిషాల పని. స్టడ్ కూడా తిరుగుతూ పైకి లేస్తుంటే చాంబర్‌లో మర పోయింది.

దేవరకొండ_బత్తాయి
నట్టు మూతలాంటిది అన్నా, కొన కనబడదు. మామూలు నట్టు వేసి, స్టడ్ కొన మీద మార్కర్‌తో గీత పెట్టి తిప్పాను. గీత కూడా తిరుగుతోంది. నాలుగు చుట్లకు స్టడ్ మూడు, నాలుగు మి.మీ. పైకి వచ్చింది.

లేత్_మిర్యాలగూడ
అయితే చాంబర్ మరే. హెడ్, బ్లాక్ దించాల్సిందే. చైన్ స్ప్రాకెట్ విప్పే ముందు పిస్టన్‌ను టాప్‌లో పెట్టి గుర్తులు చూసుకో. టైమింగ్ చైన్‌కు సన్న తీగ కట్టి పైకి లాగి ఉంచు, లోపలికి జారితే దాన్ని పట్టుకోవడానికే పూట గడుస్తుంది. నట్ల కింది వాషర్లు ఏది ఎక్కడిదో ఫోటో తీసుకో. ఇలాంటి ఇంజన్లలో చాలావాటికి ఒక స్టడ్ రంధ్రం గుండానే హెడ్‌కు ఆయిల్ ఎక్కుతుంది. ఆ నట్టు కింద రాగి వాషర్ ఉంటుంది. అది తారుమారైతే కొత్త గ్యాస్కెట్ వేసినా ఆయిల్ కారుతూనే ఉంటుంది.

పాలమూరు_పాతబండ్లు
ఒక మాట నేనూ కలుపుతాను. విప్పేటప్పుడు నాలుగు నట్లనూ ఒకేసారి పూర్తిగా తీసేయకు. ఎదురెదురుగా, అరచుట్టు, అరచుట్టు వదులు చేసుకుంటూ రా. హెడ్ వంగకుండా ఉంటుంది. పని చల్లటి ఇంజను మీదే. మే నెలలో ఎండలో నిలబెట్టిన బండిని చల్లటి ఇంజను అనుకోకు, రాత్రి నీడలో ఉంచి పొద్దున్నే మొదలుపెట్టు.

దేవరకొండ_బత్తాయి
ఈ రోజు పొద్దున దించాను. తెల్లవారుజామున మొదలుపెడితే పది గంటలకు బ్లాక్ చేతిలోకి వచ్చింది. మర పోయిన స్టడ్‌ను వేళ్ళతోనే తిప్పి తీసేశాను. దాని కింది మరలో సన్నటి వెండి తీగ చుట్టినట్టు అల్యూమినియం చుట్టుకొని ఉంది. గోరుతో గీకితే స్ప్రింగులా ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. చాంబర్ మర మొత్తం స్టడ్‌తో పాటు వచ్చేసిందన్నమాట. చూసి ప్రాణం ఉసూరుమంది.

రంధ్రం చుట్టూ చాంబర్ ముఖం కొంచెం ఉబ్బి ఉంది. స్టీలు స్కేలు అడ్డంగా పెడితే కింద నుంచి వెలుతురు కనబడుతోంది. ఇంకో సంగతి, పక్క స్టడ్ గట్టిగానే ఉంది గానీ మధ్యలో తుప్పు తిని సన్నబడింది.

లేత్_మిర్యాలగూడ
ఆ ఉబ్బు చూసినందుకు నీకు సగం పని వచ్చినట్టే. చాలామంది దాన్ని చూడకుండానే కొత్త మర వేసి బ్లాక్ కూర్చోబెడతారు. బ్లాక్ ఆ ఉబ్బు మీద నిలుస్తుంది, బేస్ గ్యాస్కెట్ ఒకవైపు నొక్కుకోదు, మళ్ళీ కారుతుంది. అప్పుడు తప్పు గ్యాస్కెట్ మీద పడుతుంది. రంధ్రం అంచును కౌంటర్‌సింక్‌తో ఒక మి.మీ. లోతున వాలుగా తీసేయాలి. కొత్త మర పైనుంచే మొదలు కాకూడదు, ముఖం నుంచి కాస్త కిందికి మొదలవ్వాలి.

తుప్పు తిన్న స్టడ్ మార్చక తప్పదు. మిగతా రెండూ ముట్టుకోకు. పట్టు ఉన్న స్టడ్‌ను ఊరికే తీస్తే దాని మర కూడా కొంత అరుగుతుంది.

సూర్యాపేట_పానా
క్షమించాలి అన్నా, ఇక్కడ నేను ఒప్పుకోను. ఒకటి పోయిందంటే మిగతా మూడూ అదే దెబ్బ తిన్నాయి. అదే మెకానిక్ అదే రాడ్డు పెట్టి బిగించి ఉంటాడు. నాలుగింటికీ కాయిల్ (కొత్త మరగా పనిచేసే స్టీలు తీగ చుట్ట) వేసేస్తే ఒకేసారి నిశ్చింత.

లేత్_మిర్యాలగూడ
అనుమానంతో మంచి మర తొలిచేయడం నాకు మనసొప్పదు, సూర్యాపేట అన్నా. పరీక్ష పెట్టి చూద్దాం. బ్లాక్ లేకుండానే స్టడ్ మీద గట్టి ఇనుప పైపు ముక్క ఒకటి తొడగాలి. పొడవు స్టడ్ కంటే పది మి.మీ. తక్కువ. పైన వాషర్, నట్టు. టార్క్ రెంచ్‌తో (పెట్టిన బలం రాగానే టిక్కుమనే పానా) మాన్యువల్‌లో చెప్పినంత బిగించి ఒక గంట వదిలేయాలి. తర్వాత అదే టార్క్‌తో మళ్ళీ పట్టు. నట్టు కదలకుండా రెంచ్ టిక్కుమంటే మర బాగుంది. పిసరంత తిరిగినా పోతున్నట్టే. అప్పుడు కాయిల్ వేద్దాం.

సూర్యాపేట_పానా
ఇది బాగుంది. పైపు పరీక్ష నాకు తెలియదు. నేనూ చేసి చూస్తాను.

సాగర్‌రోడ్_డిప్లొమా
నేను డిప్లొమా పిల్లలకు మెకానికల్ చెబుతాను. ఆ అల్యూమినియం ఎందుకు ఊడి వచ్చిందో లెక్కతో చెబితే తమ్ముడికి టార్క్ రెంచ్ ఎందుకో అర్థమవుతుంది.

8 మి.మీ. స్టడ్ నట్టును 20 న్యూటన్ మీటర్లతో బిగిస్తే స్టడ్ మీద పడే లాగుడు సుమారు 12,500 న్యూటన్లు. అంటే ఆ చిటికెన వేలంత కడ్డీకి 1,270 కిలోలు వేలాడదీసినట్టు. నాలుగు స్టడ్లు కలిస్తే ఐదు టన్నులు. ఇది పొడి మరకు లెక్క. మరకు నూనె పూసి అదే 20 ఇస్తే రాపిడి తగ్గి లాగుడు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. ఇక పానాకు రెండడుగుల పైపు తొడిగి లాగితే ఎంత పడుతుందో ఎవరి చేతికీ తెలియదు.

రెండోది వేడి. అల్యూమినియం వేడికి స్టీలు కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. 100 మి.మీ. పొడవు, 100 డిగ్రీల వేడి తీసుకోండి. అల్యూమినియం 0.23 మి.మీ. పెరుగుతుంది, స్టీలు 0.12. బ్లాకూ హెడ్డూ అల్యూమినియం, వాటిని పట్టుకున్నది స్టీలు స్టడ్. ఇంజను వేడెక్కిన ప్రతిసారీ స్టడ్ ఇంకా లాగబడుతుంది, ఆ లాగుడు మోసేది చాంబర్‌లోని మెత్తటి మర. చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ బిగించిన నట్టు ఎండాకాలం దేవరకొండ నుంచి నల్లగొండ చేరేలోపు ఇంకెంత లాగుతుందో ఊహించండి. స్టీలు తెగదు, మెత్తటిది ఓడిపోతుంది.

జడ్చర్ల_44
లెక్క చూశాక నా మాట వెనక్కి తీసుకుంటున్నా సార్. తొందరపడి చెప్పాను.

వనపర్తి_వర్క్‌షాప్
తుప్పు స్టడ్ తీయడం గురించి నేను రాస్తాను, ఎందుకంటే నేను ఒకటి విరగ్గొట్టుకున్నాను.

పైప్ రెంచ్, ప్లయర్ వద్దు. స్టడ్ పైమర మీద రెండు నట్లు వేసి, రెండు పానాలతో ఒకదానికొకటి ఎదురు బిగించాలి. డబుల్ నట్ అంటాం కదా, అదే. తీసేటప్పుడు కింది నట్టును పట్టి విప్పే వైపు తిప్పాలి. కొత్తది దించేటప్పుడు పై నట్టును పట్టాలి. ఇది తిరగేస్తే రెండు నట్లూ విడిపోతాయి.

తిప్పే ముందు వేడి. ట్యాంకు తీసి దూరంగా పెట్టి, పెట్రోల్ పైపు మూసి, చుట్టూ పెట్రోల్ చుక్క లేకుండా చూసుకున్నాకే. హీట్ గన్ స్టడ్ మీద కాదు, స్టడ్ చుట్టూ చాంబర్ మీద. నీటి చుక్క చిలకరిస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి. అప్పుడు స్టడ్ మొదట్లో కొవ్వొత్తి ఆనించు. మైనం కరిగి సందులోకి పీల్చుకుపోతుంది. ముందు పిసరంత బిగించే వైపు కదిలించి, తర్వాత విప్పే వైపు. కదిలాక కూడా పావుచుట్టు ముందుకు, అరపావు వెనక్కి. కీచుమని శబ్దం వస్తే ఆపి మళ్ళీ వేడి చేయి. సార్ చెప్పిన ఆ రెండింతల సాగుడే ఇక్కడ మనకు సాయం చేస్తుంది, రంధ్రం స్టడ్ కంటే ఎక్కువ తెరుచుకుంటుంది.

నేను ఆ రోజు వేడి చేయలేదు. చీకటి పడుతోందని లాగాను. చాంబర్ ముఖానికి సమానంగా విరిగింది. దాంట్లో ఈజీ అవుట్ (విరిగిన ముక్కను పట్టి తిప్పి తీసే ఎదురు మర పనిముట్టు) దింపితే అదీ లోపలే విరిగింది. ఈజీ అవుట్ గట్టి స్టీలు, మామూలు డ్రిల్లు దాని మీద జారి పక్కన అల్యూమినియంను తింటుంది.

పాలమూరు_పాతబండ్లు
మరి ఎలా తీశారు అన్నా?

వనపర్తి_వర్క్‌షాప్
పటికతో. మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే పటికే. ఇంజను పూర్తిగా విప్పి, చాంబర్ ఒక్కటే మిగిల్చి, బేరింగులు, పిన్నులు, మిగతా స్టడ్లు అన్నీ తీసేశాను. స్టీలు సామాను ఏది మిగిలినా అదీ కరుగుతుంది, ఇది మరిచిపోవద్దు. వేడి నీళ్ళలో పటిక ఇక కరగనంత వరకు కలిపి, ఆ రంధ్రం మునిగేలా పెట్టి సన్నమంట మీద ఉంచాను. స్టీలు ముక్క మీద బుడగలు లేస్తూ నల్లటి మడ్డి పైకి వస్తుంది. రోజుల తరబడి పట్టింది, మధ్యమధ్య మడ్డి కడిగి కొత్త నీళ్ళు పోశాను. చివరికి ముక్క పుల్లతో కదిపితే పొడిలా రాలింది. అల్యూమినియం మర అట్లాగే ఉంది. అంత ఓపిక లేనివాళ్ళు హైదరాబాద్ బాలానగర్‌లో స్పార్క్ ఎరోజన్ (కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచే పని) చేసే చోటికి తీసుకెళ్ళవచ్చు.

లేత్_మిర్యాలగూడ
విరిగిన ముక్క కొంచెం పైకి ఉంటే దాని మీద నట్టు పెట్టి లోపల వెల్డింగ్ నింపితే, ఆ వేడికే సగం వదులవుతుంది. నేను మొదట అదే చూస్తాను. సమానంగా విరిగితే వనపర్తి అన్న దారే.

ఇప్పుడు మర పోయిన రంధ్రం సంగతి. తమ్ముడూ, స్టడ్ కొలత చెప్పు. వెర్నియర్ ఉందా? పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం) కొలిచే గేజ్ లేకపోతే పది మరల పొడవు కొలువు.

దేవరకొండ_బత్తాయి
మందం 7.9. పది మరలకు 12.5 మి.మీ. వచ్చింది. ఇంకో సంగతి, తుప్పు స్టడ్ ఈ రోజు వచ్చింది! మూడుసార్లు వేడి చేశాను. మూడోసారి చిన్నగా టక్కుమంది, గుండె ఆగినంత పనైంది, విరిగిందేమోనని. కాదు, కదిలింది. మైనం వాసన ఇంకా చేతుల్లోనే ఉంది. ఆ రంధ్రం మర బాగానే ఉంది.

లేత్_మిర్యాలగూడ
శభాష్. నీది 8 మి.మీ., పిచ్ 1.25. మనం అనుకున్న కాయిల్‌కు, అంటే హెలీకాయిల్‌కు 8.3 డ్రిల్లు, దాని ట్యాప్ (మర కోసే పనిముట్టు) వేరే ఉంటుంది, మామూలు ట్యాప్ కాదు. కిట్ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుంది, నా దగ్గర ఉంది కూడా. కాయిల్ బయటి మర దాదాపు 9.6 మి.మీ. అవుతుంది కాబట్టి అల్యూమినియంకు పట్టు దొరికే చోటు పెరుగుతుంది. సరిగ్గా వేస్తే కంపెనీ మర కంటే గట్టి. నీ స్టడ్ లోతును బట్టి 16 మి.మీ. పొడవు కాయిల్ వేద్దాం.

అసలు కష్టం నిటారుగా దించడం. నేను ఒక పని చేస్తాను. 12 మి.మీ. ఇనుప ప్లేటుకు నీ బ్లాక్ అడుగు పెట్టి నాలుగు రంధ్రాలు గుర్తించి, మంచిగా ఉన్న రెండు స్టడ్ల మీద తొడిగేలా చేస్తాను. మర పోయిన చోట బుష్ (డ్రిల్లుకు దారి చూపే గొట్టం) పెడతాను. ఒక బుష్‌లో డ్రిల్లు, దాన్ని తీసి వెడల్పు బుష్‌లో ట్యాప్. అప్పుడు చెయ్యి వంకర పోదామన్నా పోదు. ఇంజను, బ్లాక్ రెండూ పట్టుకొని రా. ఆదివారం రైస్ మిల్లుల షాఫ్టు పనులు ఉండవు, షాపు ఖాళీ.

సూర్యాపేట_పానా
స్టెప్ స్టడ్ చేయకూడదా? కింద 10, పైన 8. మేము అదే చేస్తాం.

లేత్_మిర్యాలగూడ
చేయవచ్చు, చాంబర్‌లో మందం ఉంటే. కాయిల్ కూడా ఒకసారి పోతే నా రెండో దారి అదే. కానీ మామూలు థ్రెడ్ రాడ్ కోసి మాత్రం స్టడ్ చేయవద్దు అన్నా. సార్ లెక్క 12,500 కదా? 8 మి.మీ. మామూలు 4.6 గ్రేడ్ కడ్డీ 8,800 న్యూటన్ల దగ్గరే సాగిపోవడం మొదలవుతుంది. 8.8 గ్రేడ్ అయితే 23,000 పైన. చూడ్డానికి రెండూ ఒకటే కడ్డీ. కొందరు ఎపాక్సీ గమ్ము పోసి స్టడ్ నిలబెడతారు, అది ఇంజను వేడికి నిలవదు, తర్వాత రంధ్రం శుభ్రం చేయడం ఇంకో నరకం.

సాగర్‌రోడ్_డిప్లొమా
రంధ్రం అడుగు మూసి ఉంటే లోపల నూనె, కిరోసిన్ ఒక్క చుక్క మిగలకుండా తుడవమనండి. నూనె ఉన్న రంధ్రంలో స్టడ్ దించితే దానికి పోయే దారి లేక చాంబర్‌ను చీల్చేస్తుంది. నేను అలా పగిలిన చాంబర్‌ను చూశాను.

దేవరకొండ_బత్తాయి
నిన్న ఆదివారం మిర్యాలగూడ వెళ్ళి వచ్చాను. ఆటోలో ఇంజను, ఒళ్ళో బ్లాక్. చూసింది చూసినట్టు రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికి వస్తుంది.

ముందు మంచి స్టడ్లు రెండింటికీ, కొత్తగా దించినదానికీ పైపు పరీక్ష పెట్టాడు అన్న. మూడూ టిక్కుమన్నాయి, కదలలేదు. నేను ట్రాక్టర్ పని చేసే దోస్తు దగ్గర టార్క్ రెంచ్ తీసుకెళ్ళాను గానీ అది 40 నుంచి మొదలవుతుంది, 20కి పనికిరాదని పక్కన పెట్టేశాడు. ఆయన దగ్గర చిన్నది ఉంది.

చాంబర్ నోట్లో గుడ్డ కుక్కి, దాని మీద గ్రీజు పూశాడు. రజను లోపలికి పోకుండా గ్రీజుకు అంటుకుంటుంది. డ్రిల్లు మొనకూ గ్రీజే. ట్యాప్‌కు కిరోసిన్. అల్యూమినియంకు కిరోసిన్ మించింది లేదట. అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడల్లా లోపల రజను తెగే చిన్న శబ్దం వేలికి తెలుస్తుంది, నన్నూ పట్టుకొని చూడమన్నాడు. మూడుసార్లు ట్యాప్ పూర్తిగా తీసి రంధ్రం కడిగాడు.

కాయిల్ దించేటప్పుడు నొక్కవద్దు, తిప్పితే అదే దిగుతుంది. ముఖం నుంచి అరచుట్టు లోపలికి పోయాక ఆపాడు. అడుగున ఉన్న చిన్న నాలుకను పంచ్ పెట్టి ఒక్క దెబ్బతో విరిచి, పుల్లకు గ్రీజు రాసి బయటికి తీశాడు. ఆ ముక్క తెల్ల కాగితం మీద పెట్టి చూపించాకే తర్వాతి పని. అది లోపల ఉండిపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

స్టడ్‌ను చేత్తోనే దించాడు, అడుగు తగిలాక పావుచుట్టు వెనక్కి. మూలమట్టం పెట్టి రెండు వైపులా చూశాం. సన్నటి వెలుతురు గీత కూడా లేదు.

పాలమూరు_పాతబండ్లు
స్టడ్ కింది మరకు లాక్‌టైట్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) వేశారా?

లేత్_మిర్యాలగూడ
కాయిల్‌లోకి దిగే మరకు మీడియం రకం రెండు చుక్కలు. పైమరకు ఏమీ లేదు, శుభ్రంగా పొడిగా ఉంచాం.

దేవరకొండ_బత్తాయి
హెడ్‌ను ఎదురెదురుగా మూడు విడతల్లో బిగించాం, 8, 14, 20. రాగి వాషర్ పాత చోటే, కొత్తది. వాల్వ్ క్లియరెన్స్ మాన్యువల్ చూసి పెట్టాం.

ఇప్పటికి 340 కిలోమీటర్లు. డిండి దాకా కూడా వెళ్ళి వచ్చాను, వెనుక నాన్న. ఇంటికి వచ్చాక తెల్ల గుడ్డతో రెక్కల మధ్య తుడిచి చూశాను. దుమ్మే వచ్చింది, నూనె లేదు. నాన్న ఆ గుడ్డ తీసుకొని తనూ ఒకసారి తుడిచి చూసుకున్నాడు.

లేత్_మిర్యాలగూడ
500 దాటాక, రాత్రంతా చల్లబడ్డ ఇంజను మీద నాలుగు నట్లూ 20కి ఒక్కసారి చూడు. టిక్కుమంటే వదిలేయి, ఇంకా బిగించకు. ఆ తర్వాత వాల్వ్ క్లియరెన్స్ మళ్ళీ చూడాలి.

జడ్చర్ల_44
అన్నా, మా బావమరిదిదీ అదే ఇంజను, అదే వైపు కారుతోంది. ఆ ప్లేటు ఇంకా ఉందా?

లేత్_మిర్యాలగూడ
షాపు గోడకు మేకుకు వేలాడుతోంది. ముందు మార్కర్‌తో గీత పెట్టి, స్టడ్ తిరుగుతోందో లేదో చూసి చెప్పమను. తిరిగితే ఇంజను, బ్లాక్ పట్టుకొని ఆదివారం రమ్మను.